ఎలినార్‌ని నిలబెట్టింది స్నేహమా, కౌన్సెలింగా?

పేజీమడత: గెయిల్ హనీమన్ రాసిన, 2017లో వచ్చిన నవల 'ఎలినార్ ఒలిఫెంట్ ఈజ్ కంప్లీట్‌లీ ఫైన్' ఇప్పుడే ముగించాను. గ్లాస్గోలో ముప్ఫయ్యేళ్ళకు దగ్గరపడుతున్న ఎలినార్‌కి ఆఫీసు, ఇల్లు తప్ప ఏమీ లేవు. శుక్రవారం వోడ్కా తెచ్చుకుందంటే సోమవారం దాకా ఎవరితోనూ మాట ఉండదు. అలాంటి మనిషిని ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే రేమండ్ మార్చేశాడు. స్నేహాన్ని మించిన మందు లేదని మళ్ళీ తేలింది.

కంపచెట్టు: ఏం తేలిందండీ? కౌన్సెలర్ మరియా దగ్గర కూర్చున్న అధ్యాయాలు తిప్పేశారా? తల్లి పెట్టిన మంట, అందులో పోయిన చెల్లెలు, అవన్నీ బయటికొచ్చింది ఆ రోజుల్లోనే కదా.

పేజీమడత: అక్కడిదాకా నడిపించింది ఎవరు? ఆమె తాగి పడి ఉంటే ఇంటికొచ్చి, డాక్టర్‌ని కలవమని పట్టుబట్టింది ఎవరు?

దారినపోయేవాడు: రేమండ్‌ది ప్రేమే కదా?

కంపచెట్టు: ఆ పంచాయితీ వేరే చోట పెట్టుకోండి. @పేజీమడత, పట్టుబట్టాడు, ఒప్పుకుంటాను. తన వల్ల అయ్యేది కాదని తెలిసే కదా డాక్టర్ పేరెత్తాడు!

నిద్రమత్తు: నాకైతే పిల్లి గ్లెన్ నచ్చింది.

పేజీమడత: బుధవారాల్లో తల్లితో మాట్లాడుతున్నానని ఎలినార్ అనుకుంటుంది. ఆ తల్లి ఎప్పుడో చనిపోయింది. పక్కన ఒక మనిషి దొరికాకే ఆ గొంతు ఆగింది. అయినా మీకు స్నేహితులంటే ఎందుకంత కచ్చ?

కంపచెట్టు: ఎందుకంటే నేనూ ఒకరికి రేమండ్‌నయ్యాను. అర్ధరాత్రి ఫోన్లు ఎత్తాను, సీసాలు దాచాను. డాక్టర్ దగ్గరకి వెళ్దామంటే "నువ్వున్నావుగా" అనేది. చివరికి నంబర్ బ్లాక్ చేశాను. మీరు స్నేహమే మందు అంటుంటే, నేను సరిగ్గా ఇవ్వలేదన్నట్టు ఉంటుంది.

పేజీమడత: మిమ్మల్ని అనలేదు. నేను కౌన్సెలింగ్‌కి వెళ్ళినదాన్ని. వారానికి ఒక గంట. మిగతా వారమంతా ఫోన్ మోగితే అది ఏదో కంపెనీ వాళ్ళే. ఆ గంట పనికిరాలేదని కాదు, బయటికొచ్చాక చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

దారినపోయేవాడు: అబ్బ, పుస్తకం గురించి అనుకున్నాను.

కంపచెట్టు: పుస్తకం గురించే. కథంతా ఎలినార్ నోటి నుంచే వస్తుంది. ఆమె ఇంటి నుంచి వెళ్ళాక రేమండ్ ఎంత అలిసిపోయాడో ఒక్క పేజీలోనైనా ఉందా? రచయిత్రి మీద నా కోపం అదే.

పేజీమడత: అతని వైపు నుంచి ఎవరైనా రాస్తే చదువుతాను. ఎలినార్ కథలో అది లేదని మాత్రం తప్పుపట్టను.