35వ రోజుకీ పురుగులు పోలేదు, ఎక్కడ పొరపాటు?

కొత్త స్కాలర్:
పొద్దుట్నుంచీ మైక్రోస్కోపు ముందే ఉన్నాను. ట్రైక్యూరిస్ మ్యూరిస్ అనే పేగు పురుగుల్ని ఎలుకలు, గుడ్లు తినిపించిన 21వ రోజుకల్లా బయటికి నెట్టేస్తాయని చదివాను. నా సీ57 బ్లాక్ 6 (ల్యాబ్ ఎలుకల రకం) ఎలుకల్లో 35వ రోజున అంధనాళం (పెద్దపేగు మొదటి భాగం) కోసి చూస్తే, పురుగులు దర్జాగా ఉన్నాయి. ఫోర్సెప్స్‌తో లాగితే వెంట్రుకలాంటి తలభాగం గోడలోంచి ఊడి రాదు, తెగిపోతోంది. పురుగుల్ని వెళ్లగొట్టే సైటోకైన్ (రోగనిరోధక సంకేత ప్రోటీన్) ఐఎల్-13 దాదాపు లేదు. దాన్ని కొలిచే కిట్ పాడైందా? చాలా టెన్షన్‌గా ఉంది.

టీ-కణం:
ఎన్ని గుడ్లు ఇచ్చారు?

ఇసినోఫిల్ అభిమాని:
ముందు ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) లెక్క చూడండమ్మా. పురుగు అనగానే రక్తంలో ఇసినోఫిల్స్, ఐజీఈ యాంటీబాడీ పెరగాలి. ఈ తరం వాళ్లు సైటోకైన్లు తప్ప ఏమీ చూడరు. ఒక్క రక్తపు స్మియర్ చాలా విషయాలు చెబుతుంది.

టీ-కణం:
ఈ పురుగు విషయంలో కాదండీ. ఇసినోఫిల్స్ లేని ఎలుకలు కూడా దీన్ని బయటికి పంపేశాయి.

తెలుగు మాట:
పురుగు కాదు, క్రిమి అనాలి.

ఇసినోఫిల్ అభిమాని:
క్రిమి అంటే జనం బ్యాక్టీరియా అనుకుంటారు. నులిపురుగు అని ఇళ్లలో అంటూనే ఉన్నారుగా.

తెలుగు మాట:
ఇది నులిపురుగు కాదు, కొరడా పురుగు. సరే, పురుగే అనుకుందాం.

కొత్త స్కాలర్:
గుడ్లు మామూలుగానే ఇచ్చాను, ఎలుకకు 25 దాకా. అది అంత ముఖ్యమా?

టీ-కణం:
అదే కారణం! ఒకేసారి 200 గుడ్లు ఇస్తే టీహెచ్2 స్పందన (పురుగుల్ని వెళ్లగొట్టే రకం రోగనిరోధక స్పందన) వస్తుంది. ఐఎల్-13 వల్ల పేగు గోడ కణాలు త్వరత్వరగా పైకి జరిగి రాలిపోతాయి, వాటిలో తల దూర్చుకున్న పురుగుకు పట్టు దొరకదు. పేగులోని గాబ్లెట్ కణాలు వదిలే జిగురు (మ్యూకస్) కూడా తోడవుతుంది. 25 గుడ్లకైతే స్పందన టీహెచ్1 అనే మరో రకం వైపు మొగ్గుతుంది. ఇంటర్‌ఫెరాన్ గామా అనే టీహెచ్1 సైటోకైన్ పెరుగుతుంది, పురుగులు తిష్ట వేస్తాయి. మీ ఎలుకలు సరిగ్గానే ప్రవర్తించాయి. దాచిన నమూనాల్లో గామా కొలవండి. సీరం ఉంటే, స్పందన ఏ వైపు మొగ్గిందో చెప్పే ఐజీజీ1, ఐజీజీ2సీ యాంటీబాడీలు కూడా. ఇకమీదట డోసు మొదటి లైన్లోనే రాయండి, సగం రోజు మిగిలేది.

ఇసినోఫిల్ అభిమాని:
అయినా స్మియర్ చేయడంలో తప్పు లేదు.

తెలుగు మాట:
మరి బయట ఏ జంతువూ ఒకేసారి 200 గుడ్లు మింగదు కదా?

టీ-కణం:
మంచి ప్రశ్న. కొద్దికొద్దిగా పదేపదే ఇచ్చి చూశారు. మొదట పురుగులు పేరుకుపోయాయి, తర్వాత మెల్లగా నిరోధం వచ్చింది.

తెలుగు మాట:
ఎన్ని డోసుల తర్వాత?

కొత్త స్కాలర్:
కొలిచి చూశాను, గామా బాగా ఎక్కువుంది. కిట్ బానే ఉంది. థాంక్సండీ.