అమ్మకి సుగర్, తిండి విషయంలో ఎవరి మాట నమ్మాలి?

పర్లాకిమిడి అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో పర్లాకిమిడి. మొన్న టెస్టుల్లో అమ్మకి సుగర్ అని తేలింది, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర రాసి చేతిలో ఒక డైట్ షీటు పెట్టారు, అంతా ఇంగ్లీషే, ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, ఆలివ్ నూనె అని ఉంది. అమ్మ పొద్దున్న చోడి (రాగి) అంబలి, మధ్యాన్నం అన్నం పప్పు, రాత్రికి మళ్ళీ అన్నం, ఆ షీట్లో ఉన్నవేవీ మా ఇంట్లో ఎప్పుడూ లేవు. ఇంక ఇంటికొచ్చినోళ్ళు తలో మాట. అన్నం పూర్తిగా మానెయ్ అని పిన్ని, అంబలి ఎంత తాగినా పర్లేదని పక్కింటావిడ. మావయ్య పంపిన వీడియోలో ఒకాయన మాత్రలు మానిపిస్తానని పొడి అమ్ముతున్నాడు. అమ్మ భయంతో తిండే తగ్గించేసింది, నిన్న సాయంత్రం ఒళ్ళంతా చెమటలు పట్టి చేతులు వణికాయి. తెలుగులో కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు దగ్గర్లో ఎక్కడ దొరుకుతారు?

గుణుపురం సిస్టర్:
చెల్లీ, డైట్ సంగతి తర్వాత, ముందు ఆ చెమటలు, వణుకు సంగతి చూడు. గ్లిమిపిరైడ్ వేసుకుని తినకుండా ఉంటే సుగర్ బాగా పడిపోతుంది, అమ్మకి అదే అయ్యుండొచ్చు. మళ్ళీ అలా అయితే గ్లూకోమీటర్‌తో చూడు, 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్ళీ చూడాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. మీటర్ ఇంట్లో లేకపోతే చూసేదాకా ఆగకు, పంచదార ఇచ్చెయ్. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్. రేపే డాక్టర్‌కి ఈ విషయం చెప్పండి, డోసు మార్చాలేమో ఆయనే చూస్తారు, మీ అంతట మీరు మాత్ర ఆపకండి. మాత్ర వేసుకుంటూ పూట తిండి మానెయ్యడం చాలా ప్రమాదం, ఇది పిన్నిగారికి కూడా గట్టిగా చెప్పు.

బరంపురం రావు:
ఎవర్ని నమ్మాలంటే నా లెక్క ఇదమ్మా: నోరు తెరిచి సలహా ఇచ్చే ముందు మీ అమ్మగారు ఏ మాత్రలు వేసుకుంటున్నారు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎంత, పూటకి ఎంత అన్నం తింటారు అని అడిగినవాళ్ళనే నమ్మండి. ఇవేవీ అడక్కుండా పొడి అమ్మేవాడు వ్యాపారి. డయాబెటిస్ నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వడం 1954 చట్టం ప్రకారమే నేరం, అయినా వీడియోల నిండా అవే, చూస్తే కడుపు మండిపోతుంది. మీ జిల్లా హెడ్‌క్వార్టర్ ఆసుపత్రిలో బీపీ, సుగర్ లాంటి అంటని జబ్బులు చూసే ఎన్‌సీడీ క్లినిక్ ఉందేమో వాకబు చెయ్యండి, తెలుగు వచ్చిన డైటీషియన్ కావాలంటే శ్రీకాకుళం, విశాఖ వైపు వెతకండి, ఇండియన్ డయెటెటిక్ అసోసియేషన్ ఇచ్చే ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) అర్హత ఉందా అని అడగండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) వాళ్ళు 2024లో కొత్త ఆహార సూచనలు ఇచ్చారు, అవి అందరికీ కలిపి రాసినవి, కాబట్టి అమ్మగారి లెక్క డైటీషియనే వెయ్యాలి.

రాయగడ కిట్టు:
అంబలి గురించి నేను చెప్తాను, మా నాన్నకి కూడా ఇదే గొడవ. చోళ్ళలో పీచు, కాల్షియం బాగానే ఉంటాయి కానీ నూరు గ్రాముల పిండిలో 65 గ్రాములకి పైనే పిండి పదార్థం, బియ్యంలో 78 దాకా, అంటే ఎంతైనా తాగొచ్చు అన్నది తప్పు. మా ఇంట్లో నూకలేసి పల్చగా కాచిన అంబలి పెద్ద లోటాడు తాగితే రెండు గంటల తర్వాత మీటర్ 220 చూపించింది, చిన్న గ్లాసు అంబలి, పక్కన ఉడికిన పెసలు, వంకాయ కూర పెడితే 170 దగ్గర ఆగింది, అప్పట్నుంచి మా అమ్మ నూకలు వెయ్యడం మానేసింది. మీ అమ్మగారికీ తినే ముందు, తిన్న రెండు గంటలకీ చూసి నోట్‌బుక్‌లో తిన్నది కూడా రాసుకోండి, ఒక్కొక్కరి ఒంటికి ఒక్కోలా ఉంటది. చాలామందికి తిన్న తర్వాత 180 దాటకూడదంటారు, మీ అమ్మగారికి ఎంతో డాక్టర్‌నే అడగండి. అన్నం మానక్కర్లేదు, కంచంలో సగం కూరలు, పావు వంతు పప్పో చేపో గుడ్డో, మిగిలిన పావు అన్నం. బెల్లం, తేనె పంచదారకి బదులు కాదు, అవీ సుగర్ పెంచేవే.

పర్లాకిమిడి అమ్మాయి:
చాలా థాంక్స్ అందరికీ. రేపు పొద్దున్నే అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా. కిట్టు గారూ, రోజూ నాలుగైదు సార్లు గుచ్చాలంటే స్ట్రిప్పులకి ఖర్చు కదా?

రాయగడ కిట్టు:
రోజూ అన్నిసార్లు అక్కర్లేదండి. ఒక వారం టిఫిన్ ముందూ తర్వాతా, ఇంకో వారం భోజనం ముందూ తర్వాతా చూడండి చాలు. వణుకు వచ్చినప్పుడు మాత్రం ఖర్చు చూడకండి. స్ట్రిప్పుల డబ్బా మీద ఎక్స్‌పైరీ చూసే కొనండి, మూత బిగించి పెట్టండి, తడి తగిలితే రీడింగు తప్పొస్తుంది.