హెర్2 2+ అంటే పాజిటివా, నెగెటివా?

శ్రావణి: మా అత్తయ్యగారి రొమ్ము గడ్డ కోర్ బయాప్సీ రిపోర్టులో ఈఆర్ (ఈస్ట్రోజన్ హార్మోను గ్రాహకం) పాజిటివ్, ఐహెచ్‌సీలో (ప్రొటీన్‌ను రంగుతో చూపే పరీక్ష) హెర్2 (క్యాన్సర్ కణాలను పెంచే ప్రొటీన్) 2+ అని ఉంది. హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందు మొదలుపెట్టవచ్చా? మళ్లీ బయాప్సీ చేయించాలా?

పాథ్_రమణ: ఇప్పుడే వద్దండీ. 3+ అయితే పాజిటివ్, 0 గానీ 1+ గానీ అయితే నెగెటివ్. 2+ అంటే ఇంకా తేలలేదని. ఫిష్ పరీక్షతో (కణాల్లో హెర్2 జన్యువు కాపీలను మెరిసే చుక్కలుగా లెక్కపెట్టేది) తేల్చాలి. మామూలుగా మళ్లీ సూది అక్కర్లేదు, బయాప్సీ ముక్కను మైనంలో పెట్టి ఉంచిన అదే పారఫిన్ బ్లాకు సరిపోతుంది. రంగు వేసిన స్లైడు ఒక్కటే పట్టుకెళ్తే పని జరగదు, బ్లాకు అడిగి తీసుకోండి. ఫలితంలో హెర్2/సెప్17 (17వ క్రోమోజోము గుర్తు) నిష్పత్తి 2.0 లేదా ఆపైన, కణానికి సగటు హెర్2 కాపీలు 4.0 లేదా ఆపైన ఉంటే పాజిటివ్.

ల్యాబ్_అనిత: ఫిష్‌లో సిగ్నల్ రాకపోతే చాలాసార్లు తప్పు ముక్కను నిల్వచేసిన తీరులోనే ఉంటుంది. తీసిన గంటలోపు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి, 6 నుంచి 72 గంటలు ఉంచాలి. ఆపరేషన్‌లో తీసిన పెద్ద గడ్డను కోయకుండా అలాగే డబ్బాలో పడేస్తే ఫార్మలిన్ లోపలిదాకా దిగదు, మధ్యభాగం పాడవుతుంది. అప్పుడు వేరే బ్లాకు మీద చేయించాల్సిందే.

ఆంకో_సురేష్: పాజిటివ్ వస్తే మందుకు ముందు 2డి ఎకో (గుండె స్కాన్) తప్పనిసరి, తర్వాత మూడు నెలలకోసారి. మూడు వారాల పద్ధతిలో మొదటి డోసు కిలోకు 8 మి.గ్రా., ఆపై 6. నెగెటివ్ వచ్చినా ఆ 2+ స్కోరు పారేయకండి. జబ్బు ఇతర అవయవాలకు పాకినవాళ్లలో 1+, లేదా ఫిష్ నెగెటివ్ 2+ ఉన్నా ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ (ట్రాస్టుజుమాబ్‌కు కీమో మందు జోడించినది) పనిచేస్తుందని 2022లో తేలింది. రిపోర్టులో వట్టి ‘నెగెటివ్’ అని రాస్తే స్కోరు కూడా రాయించుకోండి.