గేమ్స్ బై అపోలో ఏడాదికే ఎందుకు మూతపడింది?

ప్రశ్న (ప్రొద్దుటూరు, కడప జిల్లా):
డాలస్‌లో ఉంటున్న మా అన్న ఈసారి వస్తూ టీవీకి తగిలించి ఆడే పాత గేము యంత్రం అటారి 2600 కార్ట్రిడ్జ్ (యంత్రంలో దూర్చే గేము పెట్టె) ఒకటి తెచ్చాడు. గేము పేరు స్కీట్ షూట్. విడుదల చేసింది టెక్సస్‌లోని రిచర్డ్‌సన్‌కు చెందిన గేమ్స్ బై అపోలో. 1981లో మొదలైన ఈ సంస్థ 1982 నవంబరులోనే దివాలా పిటిషను వేసిందట. అమెరికా గేముల మార్కెట్టు కుప్పకూలింది 1983లో కదా, అంతకు ముందే ఇది ఎలా మునిగింది? ఈ కార్ట్రిడ్జ్‌ను ఇక్కడ ఆడే వీలుందా?

సమాధానం (అనంతపురం):
ఎలా మొదలైందో చూస్తే ఎలా మునిగిందో సగం అర్థమవుతుంది. అటారి నుంచి బయటికి వచ్చిన ప్రోగ్రామర్లు 1979లో యాక్టివిజన్‌ను స్థాపించి, అటారి యంత్రానికి బయటివారు కూడా గేములు తయారుచేసి అమ్ముకోవచ్చని నిరూపించారు. అడ్డుకునే తాళమేదీ ఆ యంత్రంలో లేదు. అటారి వేసిన దావా కూడా 1982లో రాజీతో ముగిసింది. ఆ లాభాలను చూసి, గేములతో సంబంధం లేని వ్యాపారం నడుపుతున్న పాట్ రోపర్ అపోలోను ప్రారంభించారు. ఎడ్ సాల్వో రాసిన స్కీట్ షూట్ వారి తొలి గేము. ఎగిరే పళ్లేలను కాల్చడం తప్ప అందులో ఏమీ లేదు. యంత్రానికి ఉన్నది 128 బైట్ల ర్యామే (పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ) అని సమర్థించవచ్చు గానీ, అదే యంత్రం మీద యాక్టివిజన్‌కు చెందిన డేవిడ్ క్రేన్ 1982లో ఎన్నో తెరలున్న పిట్‌ఫాల్ అనే గేము తీసుకువచ్చారు!

సమాధానం (కర్నూలు):
నా దృష్టిలో గేము నాణ్యత కన్నా సరుకు లెక్కే ముఖ్యం. కార్ట్రిడ్జ్‌లోని రోమ్ (ROM) చిప్పులను, అంటే చదవడానికి మాత్రమే పనికివచ్చే మెమరీని, గిరాకీ తెలియకముందే పెద్ద మొత్తంలో ఆర్డరు చేయాలి. అమ్ముడుపోకపోతే ఆ చిప్పు మరొక గేముకు పనికిరాదు. మా ఊరి విత్తనాల అంగళ్లు సీజను ముగిశాక మిగిలిన ప్యాకెట్లను కంపెనీకి తిప్పి పంపినట్లే, అక్కడి దుకాణదారులూ మిగిలిన సరుకును వెనక్కి పంపేవారు. అటారి వంటి పెద్ద సంస్థ కొంతకాలం ఓర్చుకోగలదు గానీ, చేతిలో నగదు లేని కొత్త సంస్థకు ఒక్క సీజను తప్పినా కష్టమే. ఓట్స్ అమ్మే క్వేకర్ సంస్థ నడిపిన యూఎస్ గేమ్స్ సైతం 1983లో మూతపడింది.

సమాధానం (అనంతపురం):
ఆడే విషయానికి వస్తే, మన దగ్గర ఒకప్పుడు అమ్మిన టీవీ గేముల పెట్టెలు చాలావరకు నింటెండో సంస్థ తయారుచేసిన ఫామికామ్ అనే గేము యంత్రానికి నకళ్లు; వాటిలో ఇది పట్టదు. కంప్యూటరులో స్టెల్లా అనే ఎమ్యులేటరు (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము) వేసుకుంటే గేమును చూడవచ్చు, కానీ దానికి కార్ట్రిడ్జ్ కాక అందులోని ప్రోగ్రాము ఫైలు కావాలి.