ఒక్క కాలే నిలకడగా లేదు, డబుల్ పెడల్ కొనొచ్చా?

మిర్యాల కిక్:
అన్నలందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ పక్కన పల్లె. చర్చిలో డ్రమ్స్ వాయించబట్టి పద్నాలుగు నెలలైంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, చూసి నేర్చుకున్నదే. ఈ మధ్య పాడుతున్న కొత్త పాటల్లో కిక్‌లు (కాలి పెడల్‌తో బేస్ డ్రమ్ము మీద వేసే దెబ్బలు) దగ్గర దగ్గరగా పడుతున్నాయి. సిక్స్‌టీంత్ నోట్స్‌లో (ఒక్కో లెక్కకు నాలుగు దెబ్బలు) వరుసగా నాలుగు వేయాలంటే 90 టెంపోలోనే (నిమిషానికి 90 లెక్కలు) నా కుడి కాలు బిగుసుకుపోతోంది. రెండో పాట అయ్యేసరికి మోకాలి కింద, ఎముక పక్కన మంట.

ఒకే బేస్ డ్రమ్మును రెండు కాళ్ళతో కొట్టే డబుల్ పెడల్ కోసం పన్నెండు వేలు దాచాను. మా గిటార్ అన్న "డబుల్ అంటే షో, ముందు ఒక్క కాలు నేర్చుకో" అంటాడు. హైదరాబాద్‌లో ఉండే మా బావ "ఎప్పటికైనా కొనాల్సిందే కదా, ఇప్పుడే కొను" అంటాడు. ఎవరి మాట వినాలి?

ఇంకోటి. మా చర్చిలో టైల్స్. కొట్టిన కొద్దీ బేస్ డ్రమ్ము ముందుకు జారుతుంది. ఇటుక అడ్డం పెడుతున్నా.

పాలమూరు ఆర్కెస్ట్రా:
తమ్ముడూ, ముందు ఆ డబ్బులు అట్లే ఉండనీ. ఇరవై రెండేళ్ళుగా మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వాయిస్తున్నా. ఇప్పుడంటే ఎక్కువ ఎలక్ట్రానిక్ ప్యాడ్ మీదే నడుస్తోంది, అంతకుముందు పదేళ్ళు కిట్టే. "డబుల్ పెడల్ లేదా" అని పెళ్ళివారు ఒక్కరూ అడగలేదు. తీన్‌మార్ మొదలైతే కిక్ పడాల్సిన చోట పడాలి, గంతే. అది వెంట్రుకవాసి జరిగినా బరాత్‌లో అడుగులు ఆగమాగం అవుతాయి.

జాన్ బాన్‌హమ్‌ని విను. ఆయన రాక్ బ్యాండు లెడ్ జెప్పెలిన్ మొదటి ఆల్బమ్, 1969. అందులో మొదటి పాట విని రెండు బేస్ డ్రమ్ములు ఉన్నాయనుకున్నవాళ్ళు బోలెడు మంది. ఉన్నది ఒక్క పెడల్, ఒక్క కాలు.

నల్గొండ డబుల్:
బాన్‌హమ్ పేరు ఎన్నో పోస్టులో వస్తుందా అని చూస్తున్నా, రెండోదాంట్లోనే వచ్చేసింది.

అన్నా, తప్పుగా అనుకోవద్దు. ఆయన వేసినవి రెండేసి, మూడేసి కిక్‌ల గుంపులు. మధ్యలో కాలికి ఊపిరి దొరుకుతుంది. ఆగకుండా పదహారు బార్లు నడపడం వేరే పని. 160 టెంపోలో సిక్స్‌టీంత్స్ అంటే నిమిషానికి 640 దెబ్బలు. రెండు కాళ్ళు పంచుకుంటే ఒక్కోదానికి 320. ఒంటికాలితో ఆ 640 ఎవరైనా పాట మొత్తం లాగితే నేను వాళ్ళకు దండం పెడతా.

నా అనుభవం చెప్తా. క్లాక్ టవర్ దగ్గర ఒక అద్దె గదిలో ఆరేళ్ళు సింగిల్ మీదే వాయించా. ఇంజినీరింగ్‌లో డబుల్ కొన్నా. అప్పటికి నా కుడి కాలికి ఆరేళ్ళ అనుభవం, ఎడమ కాలికి ఆరు రోజులది. రెంటినీ ఒకే బండికి కడితే ఏమవుతుందో రైతు ఇంట్లో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎడమ దెబ్బ కుడితో సమానంగా వినపడటానికి ఎనిమిది నెలలు పట్టింది. అందుకే అంటున్నా, మొదటి నుంచే రెండూ కలిపి పెంచాలి.

"డబుల్ అంటే షో" అన్న మాటకు కూడా జవాబు ఉంది. రెండు బేస్ డ్రమ్ములు మెటల్ వాళ్ళు కనిపెట్టినవి కావు. లూయీ బెల్సన్ అనే జాజ్ డ్రమ్మర్ స్కూల్లో చదివేటప్పుడే బొమ్మ గీసి పెట్టుకున్నాడు. 1950ల మొదట్లో డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండులో రెండు బేస్ డ్రమ్ముల వెనకే కూర్చున్నాడు. జాజ్ వాళ్ళది షో కాదు కదా?

దేవరకొండ సౌండ్:
నేను డ్రమ్మర్ని కాను, మైకులు పెట్టేవాడిని. నా గోడు కూడా వినండి. రేకుల కప్పు, సిమెంటు గోడలు ఉన్న హాల్లో ఒక కిక్ మోత అణగకముందే ఇంకోటి పడితే జనానికి వినిపించేది గుడగుడ. లారీ స్టార్ట్ చేసి వదిలేసినట్టు. వాయించే పిల్లాడికి దగ్గర్నుంచి దెబ్బ దెబ్బ విడిగా వినిపిస్తుంది కాబట్టి సంబరపడతాడు. చివరి వరుసలో పెద్దమ్మలు చెవులు మూసుకుంటారు, వచ్చి తిట్లు తినేది నేను.

వేయాల్సిందే అంటే డ్రమ్ములో పాత దుప్పటి మడిచి పెట్టండి. బీటర్‌కు (పెడల్ మీద డ్రమ్మును కొట్టే సుత్తి) రెండు ముఖాలు ఉంటే మెత్తటి ఫెల్ట్ వైపు కాకుండా గట్టి ప్లాస్టిక్ వైపు తిప్పండి. కొంత నయం.

పాలమూరు ఆర్కెస్ట్రా:
చూశారా, సౌండ్ తమ్ముడు కూడా నా దిక్కే.

దేవరకొండ సౌండ్:
నేను ఎవరి దిక్కూ కాదన్నా. మీ ప్యాడ్ కిక్ బేస్ తగ్గించమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో గుర్తు తెచ్చుకోండి.

వనపర్తి మాస్టారు:
ఇద్దరూ టెంపో గురించి కొట్లాడుతున్నారు. అబ్బాయి అడిగింది మంట గురించి కూడా. దాన్ని వదిలేసి పెడల్ కొంటే, ఒక కాలిలో ఉన్న మంట రెండు కాళ్ళకూ వస్తుంది.

బాబూ, మోకాలి కింద ముందువైపు అంటున్నావంటే నువ్వు మడమ ఆనించి వాయిస్తున్నావని నా అనుమానం. మడమ నేల మీద ఉన్నప్పుడు కొట్టడం కష్టం కాదు, తిరిగి ఎత్తడం కష్టం. ప్రతి దెబ్బ తర్వాత పాదాన్ని లేపేది ఆ ముందు కండరమే. నెమ్మది పాటలకు, చిన్న శబ్దానికి ఆ పద్ధతి ఎంతో బాగుంటుంది, దాన్ని తక్కువ చేయను. కానీ 90లో వరుస సిక్స్‌టీంత్స్ అంటే సెకనుకు ఆరు దెబ్బలు. పిక్కకంటే ఆ కండరం చిన్నది, త్వరగా అలిసిపోతుంది.

మడమ రెండు వేళ్ళ మందం ఎత్తి చూడు. అంతకంటే వద్దు, మునివేళ్ళ మీద దొంగలా నిలబడక్కర్లేదు. దెబ్బ కాలి బరువుతో పడాలి. పడగానే పాదం వదులవ్వాలి, మిగతాది స్ప్రింగు చూసుకుంటుంది. నీలాగా సొంతంగా నేర్చుకున్నవాళ్ళు చాలామంది బీటర్‌ని డ్రమ్ము చర్మానికి అదిమి అక్కడే ఆపేస్తారు. పెద్ద ఒక్క దెబ్బకు అది పనికొస్తుంది. వరుస దెబ్బలకు మాత్రం అదిమిన బీటర్‌ని ప్రతిసారీ వదిలించుకుని మళ్ళీ కొట్టాలి, పని రెట్టింపు.

పెడల్‌నూ అనుమానించు. చేత్తో ఒకసారి నొక్కి వదులు. బీటర్ ఊయలలాగా చాలాసేపు ఊగాలి. రెండు ఊపులకే చచ్చుబడితే కీళ్ళలో దుమ్ము పేరుకుంది. తుడిచి, ఒక్క చుక్క నూనె వెయ్యి. స్ప్రింగు మరీ బిగిస్తే కాలు దాంతో కుస్తీ పడుతుంది, మరీ వదిలేస్తే బీటర్ నీ పాదం కంటే ఆలస్యంగా వెనక్కి వస్తుంది.

చివరిగా ఒక ప్రశ్న. దేని మీద కూర్చుంటున్నావు?

మిర్యాల కిక్:
ప్లాస్టిక్ కుర్చీ సార్. ముక్కాలి పీట లాంటి డ్రమ్ సీటు ఉండేది, మరలు పోయినాయి. మడమ ఆనించే వాయిస్తున్నా, మీరు చెప్పింది నిజం.

వనపర్తి మాస్టారు:
ఇంకేం, దొంగ దొరికాడు. ప్లాస్టిక్ కుర్చీలో తుంటి కిందికి, మోకాలు పైకి పోతాయి. కుర్చీ ముందు అంచు తొడ కింద ఒత్తుతుంది. ఆ కూర్చోడంలో మడమ ఎత్తాలంటే కాలు మొత్తాన్ని తొడతో లాగాలి. తుంటి మోకాలి కంటే కాస్త ఎత్తులో ఉండాలి, తొడ ముందుకు కొంచెం వాలాలి. మొదటి ఖర్చు దాని మీద పెట్టు.

నల్గొండ డబుల్:
సీటు విషయంలో మాస్టారితో వంద శాతం. డబుల్‌కైతే ఇంకా అవసరం. సింగిల్ వాయించేటప్పుడు ఎడమ మడమ హైహాట్ (కాలితో తెరిచి మూసే జంట తాళాలు) పెడల్ మీద ఆని ఉంటుంది, అదే మనకు ఊతం. డబుల్‌లో రెండు మడమలూ గాల్లోనే. పట్టుకునేది సీటు, నడుము మాత్రమే. నేను మొదటి నెల వెనక్కి పడిపోతానేమో అన్నట్టు వాయించా, భుజాలు బిగిసిపోయేవి. తప్పు కాళ్ళలో ఉందనుకుని చాలా రోజులు కాళ్ళనే తిట్టుకున్నా.

అయినా నా మాట నాదే. ఎడమ కాలికి ఆలస్యం చేయకూడదు.

పాలమూరు ఆర్కెస్ట్రా:
ఎడమ కాలు ఖాళీగా ఉందని ఎవరన్నారు? హైహాట్ ఎవరు తొక్కుతారు, మీ తాతా? డబుల్ వాళ్ళతో నా లొల్లి ఇదే. ఎడమ కాలు రెండో పెడల్ మీదికి పోగానే హైహాట్ అనాథ అయిపోతుంది. క్లచ్ అనే బిగింపు వేసి మూసి పెడతారు. మూసి పెట్టిన హైహాట్ శ్వాస తీసుకోదు. ఎడమ కాలితో నాలుగు లెక్కలూ తొక్కుతూ కుడి కాలితో పాట నడిపించమను, సగం మంది డబుల్ వాళ్ళు తడబడతారు.

నల్గొండ డబుల్:
సగం అని ఎట్లా లెక్కేశారన్నా? సరే, నేను ఆ సగంలో ఉండేవాడిని, ఒప్పుకుంటా.

సూర్యాపేట సిర్ర:
అన్నలూ, నేను డప్పు వాయిస్తా, మీ కిట్టు ఎప్పుడో ఒకసారి ముట్టుకున్నా. దూరితే తప్పు లేదు కదా.

మా కుడి చేతిలో సిర్ర, ఎడమ చేతిలో చిటికెన పుల్ల. పెద్ద దెబ్బ సిర్రది, మధ్యలో నింపేది పుల్ల. ఎడమ చేతికి రెండు పనులు: డప్పు అంచు పట్టుకోవాలి, పుల్లనూ ఆడించాలి. కొత్త పిల్లలు వస్తే చిటికెన పుల్ల తర్వాత ఇద్దాం, ముందు సిర్ర నేర్పుదాం అని ఎవరూ అనరు. మొదటి రోజే రెండూ చేతిలో పెడతారు. కాకపోతే ఎడమ చేతిని సిర్రంత గట్టిగా కొట్టమనీ ఎవరూ అనరు. దాని పని వేరు. మీరు రెండు కాళ్ళూ ఒకే మోత మోగాలని ఎందుకు పట్టుబడుతున్నారో నాకు అర్థం కాలేదు.

నల్గొండ డబుల్:
మంచి ప్రశ్న అన్నా. మా దాంట్లో రెండు బీటర్లూ ఒకే చర్మాన్ని కొడతాయి. డప్పులో సిర్ర, పుల్ల శబ్దాలే వేరు కాబట్టి తేడా అందం అవుతుంది. కిక్‌లో ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా పడితే కుంటి గుర్రంలా ఉంటుంది. పైగా ఎడమ పెడల్ నేరుగా బీటర్‌ని తిప్పదు, మధ్యలో ఇనుప కడ్డీ, దానికి రెండు చివర్లా కీళ్ళు. ఆ బరువూ ఎడమ కాలే మోయాలి. అటు స్ప్రింగు వేరుగా సరిచూసుకోవాలి.

కానీ "మొదటి రోజే రెండూ చేతిలో పెడతారు" అన్నారే, ఆ మాట కోసం మీకు చాయ్ బాకీ.

వనపర్తి మాస్టారు:
డప్పు తమ్ముడి మాటతో నా పద్ధతి కొంచెం మార్చుకోవాలేమో అనిపిస్తోంది. నేను పిల్లలకు ఏడాది దాకా డబుల్ ముట్టనివ్వను. కానీ ఎడమ కాలికి పని ఇవ్వడానికి డబుల్ పెడలే కొనాలని లేదు. ఉన్న సింగిల్ పెడల్‌నే రోజుకు పది నిమిషాలు ఎడమ కాలి కింద పెట్టి, 60 టెంపోలో ఎయిత్ నోట్స్ (లెక్కకు రెండు దెబ్బలు) వెయ్యి. కూర్చుని ఖాళీగా ఉన్నప్పుడు నేల మీద కాళ్ళతో పారాడిడిల్: కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. ఫోన్‌ని నేల మీద పెట్టి స్లో మోషన్‌లో పాదాలను వీడియో తీయి. కంటికి కనిపించే తప్పు చెవికి దొరకదు, కాళ్ళ విషయంలో ఇది చాలాసార్లు చూశాను.

వరుసగా రెండు కిక్‌లు ఒక్క కాలితో కావాలంటే పాదాన్ని జార్చు. మొదటి దెబ్బ పెడల్ మధ్య నుంచి, రెండోది అదే ఊపులో రెండంగుళాలు ముందుకు జారుతూ. చెప్పులు లేకుండా చెమట పాదంతో జారదు, సాక్సు వేసుకో. నాలుగు వరుసగా అంటే మాత్రం నల్గొండ తమ్ముడు అన్నదే నిజం, అది ఒంటికాలికి భారమే.

దేవరకొండ సౌండ్:
ఇటుక సంగతి అందరూ మర్చిపోయారు. తీసేయ్ తమ్ముడూ. బేస్ డ్రమ్ము ముందు కాళ్ళకు రబ్బరు బుడిపెలు ఉంటాయి, వెనక్కి తిప్పితే మొన బయటికి వస్తుంది. పాత కార్పెట్ ముక్క పరిచి డ్రమ్ము, పెడల్, నీ సీటు మూడూ దాని మీదే పెట్టు. నువ్వు కూర్చున్న బరువే దాన్ని జారనివ్వదు.

మిర్యాల కిక్ (మూడు వారాల తర్వాత):
అందరికీ థ్యాంక్స్. మర ఉన్న సీటు ఒకటి కొన్నా, మూడు వేలలోపే అయింది. కార్పెట్ మా చర్చి పాత వేదిక మీదిది దొరికింది. డ్రమ్ము కదల్లేదు. ఇటుక ఇప్పుడు తలుపు ఆపడానికి వాడుతున్నాం.

మంట తగ్గింది, పూర్తిగా పోలేదు. మడమ ఎత్తడం అలవాటవుతోంది కానీ పాట మధ్యలో మర్చిపోయి మళ్ళీ ఆనిస్తున్నా. స్లో మోషన్ వీడియోలో ఇంకోటి బయటపడింది. నాలుగు కిక్‌లలో మూడోది ఎప్పుడూ ఆలస్యం. ఎందుకా అని చూస్తే రెండో దెబ్బ తర్వాత బీటర్‌ని అదిమి పట్టుకుంటున్నా, మాస్టారు చెప్పినట్టే. 90లో ఇప్పుడు మూడు బాగా పడుతున్నాయి. నాలుగోది దేవుడి దయ.

ఎడమ కాలితో పది నిమిషాలు చేస్తే నవ్వొస్తోంది. చిన్నపిల్లాడు మొదటిసారి సైకిల్ తొక్కినట్టు ఉంది.

డబుల్ ఇంకా కొనలేదు. నల్గొండ అన్న తన పాత పెడల్ నెల రోజులు వాడుకోమన్నాడు. ఆదివారం సాయంత్రం బస్సులో వెళ్ళి తెచ్చుకుంటా.

పాలమూరు ఆర్కెస్ట్రా:
అయిపాయె. ఇక హైహాట్‌కు సంతాప సభ పెట్టుకోండి.

నల్గొండ డబుల్:
తమ్ముడూ, వచ్చేటప్పుడు ఆరు ముఖాల చిన్న అలెన్ కీ ఒకటి తెచ్చుకో. కడ్డీ కీలు దగ్గర ఒక స్క్రూ వదులవుతూ ఉంటుంది, నాది ఎక్కడో పడిపోయింది. పాలమూరు అన్నా, మీరూ రండి, చాయ్ నాది. ఎడమ కాలితో నాలుగు లెక్కలూ తొక్కుతూ చూపిస్తా.