తంబురాకు బదులు ఆటోహార్ప్ పనికివస్తుందా?

అమలాపురం శ్రోత:
అమెరికా నుంచి వచ్చిన మా తమ్ముడు 36 తీగలు, 15 మీటలు గల ఆటోహార్ప్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. మా అమ్మాయి 5 శ్రుతిలో, అంటే పాశ్చాత్యుల జి స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుని, సరళీ వరుసలు పాడుతోంది. జి మీట నొక్కి తీగలన్నింటినీ మీటితే షడ్జమ పంచమాలు నిండుగా పలుకుతున్నాయి. సంగీతం మేష్టారు మాత్రం తంబురాయే కావాలంటున్నారు. అది ఆయన పట్టుదల తప్ప మరేమీ కాదని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పవలసిందిగా మనవి.

రాజమహేంద్రవరం వైణికుడు:
పట్టుదల కాదండీ. ఈ వాద్యంలో మీట స్వరాన్ని పుట్టించదు, అక్కరలేని స్వరాల నోరు నొక్కుతుంది. వీణ మీద తీగను మెట్టుకు ఆనించి దాని నిడివి తగ్గిస్తాం, బుల్‌బుల్ వాద్యంలో ఆ పని మీట చేస్తుంది; ఆటోహార్ప్ తీగ మాత్రం ఎప్పుడూ ఒకే స్వరం పలుకుతుంది. మీట అడుగున అతికించిన ఫెల్టులో (మెత్తని ఉన్నిబట్టలో) అక్కడక్కడ సందులు కోసి ఉంటాయి. ఫెల్టు తగిలిన తీగ మూగబోతుంది, సందు కిందికి వచ్చిన తీగ మోగుతుంది. మీ జి మీటలో షడ్జమ పంచమాలకే కాక అంతర గాంధారానికి (హెచ్చు గాంధారానికి) కూడా సందు ఉంది. సరళీ వరుసలు పాడే మాయామాళవగౌళ రాగంలో ఉన్నదీ ఆ గాంధారమే కనుక, సరళీ వరుసలు పాడినంత కాలం దోషం బయటపడదు. రేపు ఖరహరప్రియ రాగం ఎత్తుకున్న రోజున అమ్మాయి అంతకంటే అర స్వరం తగ్గిన సాధారణ గాంధారం పాడుతుంటే పక్కన అంతర గాంధారం మోగుతూ ఉంటుంది.

కాకినాడ తంత్రి:
మంచి తంబురాలోనూ అంతర గాంధారం వినిపిస్తుంది కదా! ఆ లెక్కన తంబురానూ వదులుకోవాలి.

రాజమహేంద్రవరం వైణికుడు:
వినిపిస్తుంది, కాదనను. అది మంద్ర షడ్జమపు తీగలోంచి స్వయంభువుగా, సన్నగా తేలి వచ్చే స్వరం. ఆటోహార్ప్‌లో అదే స్వరానికి విడి తీగలున్నాయి, గట్టిగా పలుకుతాయి. పైగా స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసే పాశ్చాత్యుల సమవిభాగ పద్ధతిలో శ్రుతి చేస్తే, స్వయంభూ గాంధారం కంటే అర స్వరంలో సుమారు ఏడో వంతు హెచ్చుగా ఉంటుంది. తీగలను మోసే వెడల్పాటి గుర్రం (బ్రిడ్జి), దాని మీద తీగ కింద దూర్చిన నూలుపోగు కలిసి తంబురాకు ఇచ్చే జీవం దీనికి లేదు.

కాకినాడ తంత్రి:
జీవం సంగతి ఒప్పుకుంటాను. గాంధారానికి మాత్రం ఉపాయం ఉంది: ఆ సందుల్లో ఫెల్టు ముక్కలు అతికిస్తే షడ్జమ పంచమాలే మిగులుతాయి. 1882లో ఫిలడెల్ఫియాలో పేటెంటు తీసుకున్న చార్లెస్ జిమ్మర్‌మన్ దీన్ని ఆటోహార్ప్ అన్నాడు గాని, తీగలు పలకకు సమాంతరంగా సాగే ఈ వాద్యం హిందుస్తానీ గాయకులు ఒళ్లో పెట్టుకుని మీటే మన స్వరమండలానికి దగ్గరి చుట్టం.

అమలాపురం శ్రోత:
ముక్కలు అతికించాను, గాంధారం పోయింది. అయితే నాలుగు రోజులు ముసురు పట్టేసరికి పలక చెమ్మ పీల్చి తీగలన్నీ శ్రుతి తప్పాయి. సరిచేయడానికి గంటన్నర పట్టింది. తంబురాకు నాలుగే తీగలన్న సంగతి అప్పుడు తట్టింది. మేష్టారికి ఇంకా చెప్పలేదు.