స్టేజి ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లో అన్నిటికన్నా బలహీనమైన పాట ఏది?

రెండో_అంకం:
కథ తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: ఆస్ట్రియాని నాజీలు ఆక్రమించుకోబోయే రోజులు. భార్య పోయిన నౌకాదళ కెప్టెన్, ఆయన పెళ్లాడబోయే డబ్బున్న ఎల్సా, వాళ్ల స్నేహితుడు మాక్స్, ఆయన పిల్లల్ని చూసుకోడానికి మఠం నుంచి వచ్చిన మరియా. సినిమా వరకే తెలిసినవాళ్లు స్టేజి రికార్డింగు వింటే ముందు తికమకపడేది ఈ పాటల దగ్గరే. 1959 నాటకంలో ఉన్న మూడు పాటలు 1965 సినిమాలో లేవు: ‘హౌ కెన్ లవ్ సర్వైవ్’, ‘నో వే టు స్టాప్ ఇట్’, ‘యాన్ ఆర్డినరీ కపుల్’. మొదటి రెండూ ఎల్సా, మాక్స్‌లవి. రెండోదాంట్లో కెప్టెన్ కూడా గొంతు కలుపుతాడు. మూడోది కెప్టెన్, మరియాల ప్రేమపాట. నా ఓటు మూడోదానికే. రోజర్స్ (సంగీతం), హామర్‌స్టెయిన్ (మాటలు) జోడీ చేతిలోంచి ఇంత చప్పటి పాట ఎలా వచ్చిందో! మాక్స్ పాటలే దండగ అనేవాళ్లూ ఉన్నారు. మీరేమంటారు? ఊరికే బాగాలేదని వదిలెయ్యకుండా ఎక్కడ జారిందో చెప్పండి. వేరే మ్యూజికల్స్ (పాటలతో నడిచే నాటకాలు) నుంచి ఉదాహరణలిచ్చినా సరే.

తెరతాడు:
‘ఆర్డినరీ కపుల్’, అనుమానమే అక్కర్లేదు. ట్యూను మరీ తీసిపారేసేది కాదండీ, ఆ పాటకి చెయ్యడానికి పని లేదు. దానికి ముందు సీను చూడండి. మరియా మఠం నుంచి తిరిగొచ్చేసింది, ఎల్సాతో పెళ్లి రద్దయింది. ఇక అడ్డేముంది? ఒకరు అంటారు, ఇంకొకరు తలూపుతారు. పాట మొదట్లో ఎక్కడ నిలబడ్డారో చివరికీ అక్కడే నిలబడి ఉంటారు. పైగా ఆ మాటలు! అంత భవంతి, నౌకర్లు, ఏడుగురు పిల్లలు, వాళ్లని ఈల ఊది పిలిచే నౌకాదళ కెప్టెన్. ఆయన ‘మనదో మామూలు జంట’ అంటే నవ్వొస్తుంది.

సినిమా తీసేనాటికి హామర్‌స్టెయిన్ లేరు, 1960 ఆగస్టులో పోయారు. అందుకని రోజర్స్ మాటలు కూడా తనే రాసుకుని ఈ చోట ‘సమ్‌థింగ్ గుడ్’ పెట్టారు. అదీ నెమ్మదైన పాటే, అందులోనూ గొడవేమీ లేదు. కానీ మరియా ఆశ్చర్యపోతుంది: నాబోటి దానికి ఇంత మంచి జరగడమేమిటి, చిన్నప్పుడెప్పుడో ఏదో పుణ్యం చేసుకుని ఉంటాను అని. మన పూర్వజన్మ సుకృతం లాంటిదే, కాకపోతే ఆవిడ ఈ జన్మలోనే వెతుక్కుంటుంది. ఆ ఒక్క ఆశ్చర్యంతో పాట నిలబడింది. 1998లో బ్రాడ్‌వేలో (న్యూయార్క్ పెద్ద నాటకశాలల్లో) మళ్లీ వేసినప్పుడు పాతది తీసేసి ఇదే పాడించారు.

శ్రుతిపెట్టె:
తెరతాడు గారి మాటకి నా ఓటు కూడా. పేచీ అంతా మాక్స్ పాటల్ని కట్టగట్టి దండగ అనేవాళ్లతోనే. ‘నో వే టు స్టాప్ ఇట్’ తీస్తే కథ మారిపోతుంది. సినిమాలో మారింది కదా! నాటకంలో కెప్టెన్, ఎల్సా విడిపోయేది నాజీల విషయంలోనే. వచ్చేవాళ్లని మనం ఆపలేం, తల వంచుకుని మన సుఖం మనం చూసుకుందాం అని ఎల్సా, మాక్స్‌లు హుషారుగా, కాలు ఊపుకుంటూ పాడే ట్యూను అది. లోపల ఉన్నది పచ్చి స్వార్థం. కెప్టెన్ ఆ దారికి రాడు, సంబంధం అక్కడే తెగిపోతుంది. సినిమాలో ఆ పాట లేదు కాబట్టి, ఎల్సా కేవలం మరియా వల్ల తప్పుకున్న మనిషిగా మిగిలింది. మాక్స్ సరదా మనిషైపోయాడు.

మాక్స్ పాటల్లో నిజంగా తీసెయ్యదగింది ‘హౌ కెన్ లవ్ సర్వైవ్’. కెప్టెన్‌కీ ఎల్సాకీ బోలెడంత డబ్బుంది, కష్టాల్లేకుండా ప్రేమ ఎలా బతుకుతుంది అన్న చమత్కారం ఒక్కటే. అది మొదట్లోనే తెలిసిపోతుంది. ఆ తర్వాతంతా అదే జోకు, ప్రాసలు మాత్రం కొత్తవి. సినిమాలో విందు జరిగేటప్పుడు ఈ ట్యూనే మాటల్లేకుండా వాల్ట్జ్‌గా (జంటల నాట్యానికి వాయించే సంగీతంగా) వస్తుంది. నా లెక్కలో దానికి అంతే చాలు.

ముందుతెర:
ఒక్క మాట. కొన్ని పాటలు నాటకానికి కాదు, సెట్టుకి పనికొస్తాయి. ఆ రోజుల్లో స్టేజి ముందు భాగంలో ఒక తెర దించి, ఇద్దరు ముగ్గురు దాని ముందు పాడుతుంటే వెనకాల ఇల్లు తీసి వీధి పెట్టేవాళ్లు. మన పద్యనాటకాల్లో ముందు తెర దగ్గర హాస్యం సీను నడిపించినట్టే. ‘ఫిడ్లర్ ఆన్ ద రూఫ్’ (1964)లో ‘ద రూమర్’ ఈ కోవదే. ఊళ్లో ఒక వార్త నోటి నుంచి నోటికి పాకి తలకిందులవుతుంది, కథ మాత్రం అంగుళం కదలదు. 1971 సినిమాలో తీసేశారు. కెమెరాకి సెట్టు మార్పిడి అవసరం లేదుగా! 2004 బ్రాడ్‌వే ప్రదర్శనలో దాని బదులు ‘టాప్సీ టర్వీ’ అని కొత్త పాట పెట్టారు.

కాలేజీల్లోనో సంఘాల్లోనో మ్యూజికల్ వేసేవాళ్లు ఇలాంటి పాట తీసెయ్యాలనుకుంటే ముందు రెండు చూసుకోండి. పాటకి ముందు, వెనక సెట్టు ఒకటేనా? కాకపోతే ఆ రెండు మూడు నిమిషాలూ చీకట్లో బల్లలు ఈడ్చిన చప్పుడే ప్రేక్షకులకి వినిపిస్తుంది. రెండోది లైసెన్సు. హక్కుదారుల్ని అడగకుండా పాట కత్తిరించడం ఒప్పందానికి విరుద్ధం.

రెండో_అంకం:
ముందుతెర గారూ, మరి ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో ‘ఐ ఫీల్ ప్రెటీ’ని ఎక్కడ పెడతారు? దాని మాటలు రాసిన సోండ్‌హైమే దాన్ని తప్పుపట్టారు కదా.

తెరతాడు:
ఆయన తప్పుపట్టింది మాటల్ని. కొత్తగా అమెరికా వచ్చిన ప్యూర్టోరికో అమ్మాయి (ఈమె పేరూ మరియానే) ‘అలార్మింగ్’ పక్కన ‘చార్మింగ్’ పేర్చి అంత నాజూకు ప్రాసలు కడుతుందా అని. నిజమే, నోరు మరియాది, తెలివి కవిది. కానీ పాట ఉన్న చోటు గొప్పది. మొదటి అంకం చివర ఆమె అన్న బెర్నార్డో, కొట్లాటలో ఆమె ప్రియుడు టోనీ చేతిలో చచ్చిపోయాడు. తెర లేవగానే ఆ సంగతి తెలియని చెల్లెలు మురిసిపోతూ పాడుతుంది. తెలిసిన మనం బిగుసుకుపోయి కూర్చుంటాం. 1961 సినిమాలో దీన్ని కొట్లాటకి ముందుకి జరిపారు, అంతే, ఉత్త ముచ్చట పాటైపోయింది. 2021 సినిమా మళ్లీ తర్వాతకి తెచ్చింది. 2020 బ్రాడ్‌వే ప్రదర్శనలోనైతే పూర్తిగా ఎత్తేశారు. నేనైతే పాట ఉంచి ప్రాసలు తగ్గించమంటాను.

శ్రుతిపెట్టె:
మాటలు మార్చి బతికించిన పాట ఒకటి ఉంది. ‘మై ఫెయిర్ లేడీ’ని 1956లో న్యూ హేవెన్‌లో ముందుగా ఆడించి చూసినప్పుడు ‘ఆన్ ద స్ట్రీట్ వేర్ యూ లివ్’కి స్పందనే లేదు. తీసేద్దామనుకున్నారు. లోపం ట్యూనులో లేదు. గుమ్మం ముందు నిలబడి పాడుతున్న ఈ కుర్రాడెవరో జనం పోల్చుకోలేకపోయారు. మాటలు రాసిన లెర్నర్ పాట ముందు కొత్త చరణం రాసి, అంతకుముందు గుర్రప్పందాల దగ్గర కథానాయిక ఎలైజా చెప్పిన పిన్ని కబుర్లని ఈ కుర్రాడు ఫ్రెడ్డీ చేత గుర్తుచేయించారు. ఓహో, ఆ అబ్బాయా అనుకున్నారు జనం. అక్కణ్నుంచి చప్పట్లే.